ఘంటాపథ సైకిల్ వ్యాఖ్య

మూలం: “శీతకాల ప్రభాత ద్విచక్రికా విహారమునకు సభ్యులు త్రిస్తర వస్త్రధారులై విచ్చేయవలెను. మర్కట శిరస్త్రాణము నిషిద్ధము.”

అవతారిక: జంషెడ్‌పూర్ భుయ్యాడీహ్‌లో మా తెలుగువాళ్ల సైకిల్ జట్టు గోడకంటించిన శాసనమిది. కర్త పేరు లేదు. ఈ మధ్యే హెల్మెట్ కొన్నవారెవరో అయి ఉంటారని శైలిని బట్టి ఊహ.

టీక: శీతకాలమనగా చలికాలం, వణుకుతున్నవాడికి ఈ టీక అనవసరం. ద్విచక్రికా అని స్త్రీలింగమేల? లేడీస్ సైకిలని కొందరు. అది అపవ్యాఖ్య. విహారమనుటచేత డ్యూటీకి పోయేవారిని తప్పించారని గ్రహించాలి.

ఇక గంట సంగతి. శాసనంలో గంట ఊసే లేదు. మూలంలో లేనిది రాయనని మెతుకుసీమ కొల్చారం మల్లినాథసూరి ఒట్టు పెట్టుకున్నాడు, నేను పెట్టుకోలేదు. ఆయన కిరాతార్జునీయానికి రాసిన వ్యాఖ్య పేరే ‘ఘంటాపథం’. మెడగంటలు మోగిస్తూ ఏనుగులు నడిచే రాచబాట అని అర్థం. చలికొండ మీద తపస్సు చేసిన అర్జునుడి కథకు ఎంత చక్కని పేరు! ఆ గంట ఎందుకు? ఏనుగొస్తోంది, తప్పుకోండని. మన బాట మీద ఏనుగులు ట్రైలర్లు. వాటి హారన్‌కి మనం తప్పుకుంటాం. మన ట్రింగ్‌ట్రింగ్ వాటి చెవిన పడేదెప్పుడు? సువర్ణరేఖ నది మీంచి పొగమంచు కమ్ముకొచ్చిన పొద్దున, వెనక లైటు లేని బండి రోడ్డంచున నిద్రపోతూ ఉంటే మూడు పొరలు కాదు, ముప్ఫై పొరలు తొడిగినా ఒరిగేదేముంది? దాని మీద ఒక్క కాగితమూ అంటించరేం? సరే, ప్రకృతమనుసరిద్దాం.

త్రిస్తరమనగా చెమటను ఒంటి నుంచి లాగే పొర ఒకటి, వెచ్చదనం పట్టి ఉంచేది ఒకటి, గాలిని ఆపేది ఒకటి. చలికన్న గాలి, గాలికన్న తడిసిన బనీను బలీయం. నూలు బనీను చెమట తాగి కూర్చుంటుంది. సైకిల్ దిగీ దిగగానే వీపు మంచుగడ్డ. ఇంతవరకు శాసనకర్తతో పేచీ లేదు. అంతా తానే కనిపెట్టినట్టు చెప్పడమే దోషం. ఈ ఊరి ఉక్కు కర్మాగారంలో 1912 నుంచే ఎనిమిది గంటల పని. పొద్దున ఆరింటి ‘ఏ’ షిఫ్టుకి చీకట్లో సైకిలెక్కే మా నాన్నకి బనీను, ఖాకీ చొక్కా, అమ్మ అల్లిన స్వెట్టరు. చొక్కాకీ స్వెట్టరుకీ నడుమ పాత పేపరు. ఫ్రాన్సు సైకిల్ పందెగాళ్లు కొండ దిగబోయే ముందు జెర్సీలోకి పేపరు దోపుకుంటారని తెలిసి మా జట్టువాళ్లు ‘ఆహా’ అన్నారు. నాన్న దోపుకుంటే నవ్వినవాళ్లూ వీళ్లే.

తాత్పర్యం: చలిగా ఉంది, ఒళ్లు కప్పుకు రండి అని. అయితే చెవులు కప్పే మంకీ క్యాప్‌నే నిషేధించడంతో పూర్వాపర విరోధం వస్తోంది. లేఖకదోషం కాబోలు. మా నాన్న ప్రతిలో “మర్కట శిరస్త్రాణము విహితము” అని పాఠాంతరం.