ఆప్షన్ల మావయ్య

ఎంసెట్ పేరును ఆంధ్రలో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్ చేశారు. జనం నోట మాత్రం అది ఇంకా ఎంసెట్టే. కౌన్సెలింగూ అంతే. వెబ్ ఆప్షన్లు పెట్టాల్సింది పిల్లాడు, పెట్టేది మేనమామ.

"ఒరే, ముందు సీఎస్‌ఈ పెట్టు. రాకపోతే సీఎస్‌ఈలోనే ఏఐ, తర్వాత డేటా సైన్స్, ఆపైన సైబర్ సెక్యూరిటీ." పిండి ఒకటే. ఇడ్లీ కాకపోతే అట్టు, అట్టు కాకపోతే పునుగులు.

"మరి సివిల్, మావయ్యా?"

"దానికి మేస్త్రీలున్నార్లేరా!"

ఈ మావయ్య కట్టిన కొత్తింటి శ్లాబు మొన్నటి వానకే కారింది. కింద బకెట్ పెట్టుకుని మరీ సలహాలిస్తున్నాడు.

కాలేజీ చూసొద్దామని వెళితే గేటు మీద ఫ్లెక్సీ. ప్యాకేజీ అంకె తాటికాయంత, అది కొట్టిన కుర్రాడు ఒక్కడే. మిగతా బ్యాచ్ ఏమైందని అడిగితే పీఆర్వో గారు బస్సు రూట్లు చెబుతారు. ల్యాబ్ చూస్తామంటే క్యాంటీన్ చూపిస్తారు. (సమోసా బాగుంది, కాదనను.)

కన్వీనర్ కోటా 70 శాతం, మేనేజ్‌మెంట్ కోటా 30 శాతం. మొదటిదానికి పిల్లాడి ర్యాంకు చూస్తారు, రెండోదానికి నాన్న పొలం ఎన్నెకరాలో చూస్తారు. ఫీజు రీయింబర్స్‌మెంటా? "వస్తుందండీ, ముందు మీరు కట్టేయండి. సర్టిఫికెట్లు మా బీరువాలో భద్రం!"

బాబూ, ఫ్రీజ్ కొట్టేముందు ఆప్షన్ల వరుస నువ్వే ఒకసారి సరిచూసుకో. పాస్‌వర్డ్ మావయ్యకు చెప్పకు.

చెప్పేశావా? అయితే ఆయన ఈపాటికి లాగిన్ అయిపోయుంటాడు.