కనబడుట లేదు: కుడి బటన్

ల్యాప్‌టాప్ కంపెనీలు ఏదైనా పీకేస్తే పీకేశామని చెప్పవు. "సరళం చేశాం" అంటాయి. సీడీ పెట్టే అర పోయింది, సరళమైంది. నెట్ వైరు గుచ్చే కన్నం పోయింది, ఇంకాస్త సరళమైంది. ఆ వరసలోనే టచ్‌ప్యాడ్ కింద బుద్ధిగా కూర్చునే రెండు బటన్లూ పోయాయి. ఎడమదాని గురించి బెంగ లేదు, ప్యాడ్ మీద ఎక్కడ తట్టినా ఎడమే పలుకుతుంది. కుడిదే అజ పజ లేకుండా పోయింది.

కంపెనీవాళ్లని అడగండి, అదెక్కడికీ పోలేదంటారు. ప్యాడ్ మొత్తం బటనే, అంతటా ఉంది, మీరే చూడలేకపోతున్నారంటారు. తండ్రి కొలువులో ప్రహ్లాదుడి వాదన ఇదే. ఆయన పక్షాన నిజం ఉంది కాబట్టి స్తంభం పగిలింది. మనం మాత్రం హిరణ్యకశిపుడిలా ఒక్కో చోటా కొట్టి చూసుకోవాలి. కొన్ని ప్యాడ్‌లలో అది కింద కుడి మూలన దాక్కుంటుంది. తెర వైపు ఉత్తరం అనుకుంటే అది ఆగ్నేయం. వాస్తు ప్రకారం అక్కడ వంటిల్లుండాలి, కంపెనీ ప్రకారం రైట్ క్లిక్ ఉంది. వంటిల్లయితే గోడలుంటాయి, కళ్లు మూసుకున్నా చేతికి తగులుతాయి. ఈ ఆగ్నేయానికి గీత లేదు, గట్టు లేదు, ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో గుర్తు లేదు. గురి ఎంత పెద్దదైతే, ఎంత దగ్గరగా ఉంటే, అంత త్వరగా అందుతుందని పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1954లోనే లెక్క కట్టాడు. అసలు కనపడని గురిని ఎంతసేపట్లో అందుకుంటామన్న ప్రశ్న ఆయనకి రాలేదు పాపం, ఆ రోజుల్లో ఇంత సరళత లేదు.

ఈ గొడవంతటికీ మూలం ఒక పాత వాదన: రెండు బటన్లుంటే జనం కంగారు పడతారు.

మౌస్‌ని పుట్టించిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్‌కి ఆ భయం లేదు. 1968 డిసెంబర్ 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో ఓ వెయ్యి మంది ముందు ఆయన దాన్ని ఆడించి చూపించినప్పుడు దానికి మూడు బటన్లున్నాయి. అవి చాలవన్నట్టు ఎడమ చేతి కింద అయిదు మీటల పలక ఇంకొకటి. నేర్చుకుంటే వస్తుందిలే అని మనుషుల మీద నమ్మకం ఉన్న కాలం అది. 1973లో జిరాక్స్ వాళ్ల ఆల్టోకీ మూడే. 1981లో వాళ్ల స్టార్‌కి వచ్చేసరికి రెండయ్యాయి. 1983లో యాపిల్ లిసాతో ఒకటే మిగిలింది. కట్, కాపీ, పేస్ట్‌ని మనకి అలవాటు చేసినవాళ్లలో ముఖ్యుడైన ల్యారీ టెస్లర్ కొత్తవాళ్లని మౌస్ ముందు కూర్చోబెట్టి చూశాడు. ఏ బటన్ నొక్కాలో తెలియక వాళ్లు తికమక పడుతున్నారని ఒక్క బటన్ చాలన్నాడు.

ఆ ఏటికి అది సబబే. మౌస్ అంటే బోనులో పడేదని తప్ప ఇంకేమీ తెలియని మనిషికి ఒక్కటే ఇవ్వడంలో దయ ఉంది. చిక్కల్లా, ఆ కొత్తవాడు వారం తిరిగేసరికి పాతవాడయ్యాడు. తర్వాత పెళ్లి చేసుకున్నాడు, పిల్లల్ని కన్నాడు, ఆ పిల్లలు కంప్యూటర్లు కొన్నారు. యాపిల్ మాత్రం ఇరవై ఏళ్లకి పైగా అతన్ని అదే కంగారులో ఉన్న మనిషిగా చూసింది. ఈలోగా 1995లో విండోస్ 95 వచ్చి రైట్ క్లిక్‌ని ఇంటింటికీ చేర్చింది. దేని మీద నొక్కితే దానికి సంబంధించిన పనుల జాబితా అక్కడికక్కడే విచ్చుకుంటుంది. ఇంత సౌకర్యం చూశాక యాపిల్‌కీ నోరూరింది. 1997లో మ్యాక్ ఓఎస్ 8లో ఆ జాబితా పెట్టింది. బటన్ పెట్టలేదు! కీబోర్డు మీద కంట్రోల్ మీటని ఒక చేత్తో అదిమిపట్టి రెండో చేత్తో క్లిక్ చేయాలి. రెండు బటన్లంటే కంగారు, రెండు చేతులైతే సరళం.

2005లో మైటీ మౌస్ వచ్చింది. పైన నున్నటి చిప్ప, ఎక్కడా బటన్ గీత కనపడదు. వేలు ఎటు ఉందో లోపలి సెన్సర్లు పసిగడతాయి. తీరా కుడివైపు నొక్కుదామంటే ఎడమ వేలు గాలిలోకి ఎత్తి పట్టుకోవాలి. అది ఆని ఉందంటే ఎడమ క్లిక్కే. రైట్ క్లిక్ కొట్టిన ప్రతిసారీ చూపుడు వేలు పైకి లేపి, ఎవరికో తర్జని చూపిస్తున్నట్టు కూర్చోవాలన్నమాట. ఆ వంశంలోనే 2015లో పుట్టిన మ్యాజిక్ మౌస్ 2కి ఛార్జింగ్ కన్నం పొట్ట కింద పెట్టారు. ఛార్జి ఎక్కుతున్నంతసేపూ అది వెల్లకిలా పడి ఉంటుంది.

ల్యాప్‌టాప్‌ల మీద ఇదే తంతు. 2008లో మ్యాక్‌బుక్‌కి గాజు ప్యాడ్ వచ్చి బటన్‌ని మింగేసింది. 2015 నాటికి నొక్కడం కూడా పోయింది. కొత్త ప్యాడ్ కదలదు, లోపలి నుంచి సన్నగా అదిరి "నొక్కావులే" అని వేలిని నమ్మిస్తుంది. ల్యాప్‌టాప్ పూర్తిగా ఆపేసి నొక్కి చూడండి, రాయి. ఇంజనీరింగ్‌గా అది అబ్బురమే, కాదనను. గాజు మీద రెండు వేళ్లతో పేజీ జరుపుకోవడంలో ఉన్న హాయిని కూడా కాదనను. ఆ హాయికీ కింద రెండు బటన్లుండడానికీ ఏమిటి వైరం? పైన ప్యాడ్, కింద బటన్లు చాలా ఏళ్లు కలిసి కాపురం చేశాయి కదా. యాపిల్ చేసిందని మిగతా కంపెనీలన్నీ ఎగబడ్డాయి. అదిరే గాజుకి బోలెడు ఖర్చు గనక అది మానేసి, కాపీ కొట్టడానికి చవగ్గా దొరికిన ఒక్క గుణాన్నీ కొట్టేశాయి: బటన్ లేకపోవడం.

దాని ఫలితం తెనాలిలో రిటైరైన హెడ్మాస్టరుగారి ఇంట్లో చూడాలి. అమెరికా అల్లుడు పండక్కి ల్యాప్‌టాప్ పంపాడు. మనవరాలి ఫొటో మెయిల్‌లో వచ్చింది, దాన్ని దాచుకోవాలి. ఫోన్‌లో పాఠం మొదలైంది.

"మామయ్యగారూ, ఫొటో మీద రైట్ క్లిక్ చేయండి."

"బటన్ ఎక్కడుందండీ?"

"బటన్ ఉండదండీ. రెండు వేళ్లతో ఒకసారి తట్టండి."

"ఒక చేతివా, చెరో చేతిదీనా?"

"ఒక చేతివేనండీ."

తట్టారు. ఒక వేలు ముందు ఆనింది, రెండోది కాస్త ఆలస్యంగా వచ్చి పక్కకి జరిగింది. ప్యాడ్ దాన్ని సాగదీయమన్న ఆజ్ఞగా తీసుకుంది.

"పాప ముక్కొక్కటే కనిపిస్తోందండీ."

"ఫర్లేదండీ. రెండూ ఒకేసారి ఆనించి వెంటనే తీసేయండి. జరపకూడదు."

ఈసారి రెండు వేళ్లకీ తోడుగా మూడోది దిగింది. మూడూ కలిసి కిందికి జారాయి.

"అన్నీ పోయాయి అల్లుడుగారూ. మెయిలూ లేదు, పాపా లేదు. ఏవో కొండలు మాత్రం ఉన్నాయి." కాసేపాగి, గొంతు తగ్గించి, "వయసైపోయిందండీ, ఇవి నాకు రావులెండి" అన్నారు.

అదీ నాకు ఒళ్లు మండే చోటు. ఒకటికి రెండు తరాలకి లెక్కలు నేర్పిన మనిషి. ఒక పలక మీద ఎన్ని వేళ్లు, ఎంతసేపు, కదిపా కదపకుండానా అన్న మంత్రం పలకకపోతే తప్పు తనదే అనుకుంటున్నారు. ఒకటి క్లిక్, రెండు మెనూ, రెండు జరిగితే పేజీ, ఎడంగా జరిగితే భూతద్దం, మూడు జారితే సర్వం మాయం. ఇది ఎక్కడా రాసి లేదు, ప్యాడ్ మీద ఒక్క అక్షరం లేదు. కొత్తవాళ్లు కంగారు పడతారన్న జాలితో మొదలైన ఉద్యమం తీరా చేరిన చోటిది. ఆ సాయంత్రం ఆయన పాత డెస్క్‌టాప్ మౌస్ దులిపి గుచ్చుకున్నారు. కుడివైపు నొక్కారు, జాబితా వచ్చింది, పాప దొరికింది.

ఇలాంటి మాటంటే భక్తబృందం ఊరుకోదు. "వారం వాడండి సార్, అలవాటైపోతుంది" అంటారు. ఎందుకవదు? పవర్‌కట్ కూడా అలవాటైంది కదా మనకి. ఇక హైటెక్ సిటీ కెఫేల్లో సంచిలోంచి మౌస్ తీసి బల్ల మీద పెట్టి చూడండి. పక్క బల్ల వాడు "ఇంకా మౌసేనా బ్రో?" అన్నట్టు ఓ చూపు చూస్తాడు. ఫోర్క్ పెట్టిన చోట చేత్తో పెరుగన్నం కలిపినవాణ్ణి చూసే చూపు అది. ఆ చూసేవాడు ఎక్సెల్‌లో గడి తర్వాత గడి మీద రెండేసి వేళ్లు ఆడిస్తూ, పదిలో రెండుసార్లు తప్పు గడి మీద మెనూ తెరుస్తూ, చప్పుడు చేయకుండా మూసేస్తూ ఉంటాడు.

వినియోగదారులు తిరగబడ్డ సందర్భం నాకు తెలిసి ఒకటుంది. ఐబీఎం 1992లో థింక్‌ప్యాడ్ కీబోర్డు మధ్యలో ఎర్రటి చిన్న బుడిపె పెట్టింది. టెడ్ సెల్కర్ అనే ఆయన బుర్రలోంచి వచ్చింది. టైపు చేసే చెయ్యి మౌస్ దాకా వెళ్లడానికి ముప్పావు సెకను, వెనక్కి రావడానికి ఇంచుమించు మరో ముప్పావు, ఆ వృథా ఎందుకని ఆయన బాధ. బుడిపెకి తోడుగా కింద అసలు సిసలు బటన్లుండేవి. థింక్‌ప్యాడ్ లెనోవో చేతికి వెళ్లాక 2013లో టీ440 తరంలో ఆ బటన్లని ప్యాడ్‌లో కలిపేశారు. బుడిపె భక్తులు గోల గోల చేశారు. 2015లో టీ450తో బటన్లు తిరిగొచ్చాయి. అవి లేని రెండేళ్లలో ప్రపంచం ఎంత సరళమైందో ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర ఇంత పట్టుదల ఉండాల్సిన కారణం ఇంకొకటుంది. అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల నుంచి మండల కేంద్రాల డీసీఏ క్లాసుల దాకా మనవాడికి రైట్ క్లిక్ అంటే ముందు రిఫ్రెష్. కంప్యూటర్ ఆన్ చేయగానే ఖాళీ జాగా చూసి కుడివైపు నొక్కి రిఫ్రెష్, మళ్లీ నొక్కి రిఫ్రెష్. యంత్రం మందగిస్తే రిఫ్రెష్, ఏమీ తోచకపోయినా రిఫ్రెష్. దానివల్ల జరిగేదల్లా డెస్క్‌టాప్ మీది బొమ్మలు ఓసారి మళ్లీ గీసుకోవడం. మెమరీ ఖాళీ అవదు, వేగం పెరగదు. అదే పని ఎఫ్5 మీట ఒక్కటి నొక్కినా అవుతుంది. అయినా బటన్ చప్పుడు లేని రిఫ్రెష్‌లో తృప్తేముంది? గుళ్లో గంట తీసేసి "మనసులోనే కొట్టుకోండి" అంటే భక్తుడు ఒప్పుకుంటాడా?

పోనీ బటన్ లేకపోతే మీటైనా ఉందా అంటే, కీబోర్డు కుడివైపున మెనూ మీట ఒకటుండేది, రైట్ క్లిక్‌కి బదులు. చాలామంది దాన్ని గమనించనే లేదు, కంపెనీలు గమనించాయి. 2024 జనవరిలో మైక్రోసాఫ్ట్ కోపైలట్ మీటని ప్రకటించాక, చాలా ల్యాప్‌టాప్‌లలో దాని జాగానో కుడి కంట్రోల్ జాగానో కృత్రిమ మేధకి రాసిచ్చేశారు. ఇప్పుడు షిఫ్ట్ పట్టుకుని ఎఫ్10 కొట్టాలి. ఎఫ్10 మీద వెలుతురు పెంచే బొమ్మో శబ్దం తగ్గించే బొమ్మో ఉంటే ఎఫ్ఎన్ కూడా పట్టుకోవాలి. ఒక్క బటన్ పనికి మూడు మీటలు.

ఇన్ని కష్టాలు పడి జాబితా తెరిస్తే, 2021లో వచ్చిన విండోస్ 11 ఆ జాబితాని కూడా సరళం చేసి పెట్టింది. కావలసినవి సగం లోపల దాచి, అడుగున "ఇంకా చూపించు" అని ఒక గుమ్మం పెట్టింది. కట్, కాపీలకి పేర్లు తీసేసి బొమ్మలు పెట్టింది. 2024లో ఆ పేర్లు మళ్లీ పెట్టి, మెరుగుపరిచామంది.

దసరా ఆఫర్ల సీజన్‌లో సికింద్రాబాద్ కంప్యూటర్ దుకాణాల వరసలో ఓసారి నడిచి చూడండి. కౌంటర్ కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్ తెరిచి, ప్యాడ్ మీద అరచెయ్యి ఆడించి, "అంతా బటనే సార్, ఎక్కడ ముట్టుకున్నా పనిచేస్తది" అంటాడు. అంటూనే పక్కనున్న మౌస్ అందుకుని దాంతోనే ఫైళ్లు తెరిచి చూపిస్తాడు. పెట్టె మీద "వైర్‌లెస్ మౌస్ ఉచితం" అని స్టిక్కర్. ప్యాడ్ ఇంత గొప్పదైతే మౌస్ ఎందుకిస్తున్నారు బాబూ అంటే, పిచ్చివాణ్ణి చూసినట్టు చూస్తాడు.

"అది లేకుంటే పనెట్ల అయితది సార్?"