భాగీరథికి నేను చేసిన అన్యాయం

మా ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్ షా మీద నవల రాయాలని కూర్చుని, అమెరికా పడమటి ఎడారుల ప్రేమకథలను ముందు పెట్టుకున్నాను. గుర్రాలు, తుపాకులు, ఒకే పిల్ల మీద మనసుపడి కొట్టుకునే అన్నదమ్ములు: ఆ పిచ్చి చిన్నప్పటి నుంచీ ఉంది. 1971లో ‘మోసగాళ్లకు మోసగాడు’తో కృష్ణ తెలుగు తెరకు కౌబాయ్‌ని తెచ్చాడు కదా, నేను గోలకొండకు తెద్దామనుకున్నాను.

అన్న జంషీద్, తమ్ముడు ఇబ్రహీం. విజయనగరంలో ఇబ్రహీం పెళ్ళాడాడని చెప్పుకునే భాగీరథిని మధ్యలో నిలబెట్టి, జంషీద్ కూడా ఆమెను కోరినట్టు రాశాను. పచ్చి అబద్ధం. జంషీద్ కోరింది గద్దె. 1543లో తండ్రి సుల్తాన్ కులీ హత్య వెనక ఉన్నది అతనే. వారసుడు కుతుబుద్దీన్ కళ్ళు పొడిపించాడు. దేవరకొండలో ఉన్న ఇబ్రహీం ప్రాణాలు దక్కించుకుని బీదరుకు, అక్కణ్ణుంచి విజయనగరానికి పారిపోతే, అళియ రామరాయలు ఏడేళ్ళు నీడ ఇచ్చాడు. ఇంత నెత్తురుకు ఒక ఆడమనిషి అందాన్ని కారణం చేశాను. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అక్కడితో ఆగినా బాగుండేది. జంషీద్ పోయాక 1550లో ఇబ్రహీం గోలకొండ ఏలిక అయ్యాడు. తెలుగు కవులను ఆదరించి మల్కిభరాముడని పిలిపించుకున్నాడు. అద్దంకి గంగాధరకవి ‘తపతీ సంవరణోపాఖ్యానం’ అంకితమిచ్చింది ఆయనకే. నా నవల ఆ వైభవంతోనే ముగిసింది.

రాతప్రతి చదివిన మా మేనమామ ఒక్కటే అడిగాడు: “రామరాయల ఉప్పు తిన్నోడు రామరాయల మీదికే పోయిండు గదా, ఆ ముచ్చట ఏది బిడ్డా?”

నాకు తెలియక కాదు. 1565 తళ్ళికోట యుద్ధంలో మిగతా సుల్తానులతో పాటు ఇబ్రహీం కూడా నిలబడ్డాడు. రామరాయల తల తెగింది. నా ఊరి దొరకు మచ్చ రాకూడదని ఆ అధ్యాయం మింగేశాను. ఒక అన్న దుర్మార్గుడైతే తమ్ముడు మంచివాడై తీరాలని ఆ పరాయి కథలు నేర్పాయి, నేను నమ్మాను. తెలుగు పద్యం విని మురిసినవాడూ, అన్నం పెట్టిన చేతి మీదికి దండెత్తినవాడూ ఒక్కడే. నిజానికి నవలకు కావలసింది ఆ మనిషే.

ఈ అన్నదమ్ముల కథ మీలో ఎవరైనా రాయబోతుంటే, దయచేసి భాగీరథిని కొట్లాటలోకి లాగకండి. తళ్ళికోటను దాటేయకండి.