అడుగెంతారావు గారు

గుంటూరులో కొత్త ఇళ్లు లేస్తున్న ఏ వీధికెళ్లినా ఒక అడుగెంతారావు గారు తగులుతారు. గేటు దగ్గర్నుంచి పోర్టికో దాకా, కారు పోవడానికి 10 అడుగుల వెడల్పున 30 అడుగుల పొడవు సీసీ వేయించాలి. మేస్త్రి బండి స్టాండు వేయకముందే ఆయన నోట్లోంచి వచ్చే మాట: "అడుగెంత?"

"మందం ఎంత వేద్దాం సార్?"

"అవన్నీ తర్వాత. ముందు అడుగెంతో చెప్పవయ్యా! మా తోడల్లుడికి నీకన్నా పది రూపాయలు తక్కువకి వేశారు."

తోడల్లుడిది బాపట్ల, ఇసక నేల. ఈయనది వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చే నల్లరేగడి. పైమట్టి తీసేసి, గ్రావెల్ పోసి, తడిపి దిమ్మిస కొట్టించాలని మేస్త్రి చెప్పబోతాడు. "మట్టి కింద పూడ్చేదానికి నా డబ్బులా?" అని అడుగెంతారావు గారు గుడ్లురుముతారు.

నాలుగంగుళాల మందమైతే ఎం20 కాంక్రీటుకి దాదాపు 23 బస్తాల సిమెంటు పడుతుంది. ఆరంగుళాలైతే 34. అడుగుల లెక్కలో మాత్రం రెండూ 300 అడుగులే! సందులోకి రెడీమిక్స్ లారీ రాదు గనక కాంక్రీటు కలిపే మిల్లరు అద్దె, తట్టలు మోసే కూలీ అదనం. ఇవేవీ ఆయన చెవికెక్కవు.

మేస్త్రి లోకం చూసినవాడు. "సరే సార్, మీ రేటుకే చేద్దాం" అంటాడు. పని రోజున అడుగెంతారావు గారు కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, గొంతుక్కూర్చుని, అంచున టేపు పెట్టి కొలుస్తారు. సరిగ్గా నాలుగంగుళాలు! నడిమధ్య రెండున్నరే ఉన్న సంగతి మేస్త్రికీ, మిల్లరుకీ తప్ప మూడో కంటికి తెలీదు.

పదేసి అడుగులకి జాయింటు కోస్తామంటే అందం చెడుతుందని వద్దంటారు. మామూలు సిమెంటుకి కనీసం 7 రోజులు, బూడిద కలిపిన పీపీసీ సిమెంటుకి 10 రోజులు నీళ్లు కట్టాలంటే మూడో రోజుకే కరెంటు బిల్లు గుర్తొచ్చి మోటారు ఆపేస్తారు. కోయనివ్వని గీతల్ని మొదటి వేసవిలో కాంక్రీటే తనకు నచ్చినట్టు గీసుకుంటుంది.

అన్నట్టు, గేటు మీది రెండు ఇత్తడి సింహాలకి మాత్రం ఆయన బేరమాడలేదు. అవి నలుగురికీ కనబడతాయి కదా!

మీరు సీసీ వేయించుకునేటప్పుడు మందం, కింద పోసే గ్రావెల్, జాయింట్లు, నీళ్లు కట్టే రోజులు... ఈ నాలుగూ ముందు కాగితం మీద రాయించుకోండి. ఆ తర్వాత నిక్షేపంగా అడగండి, అడుగెంతని.