మెయిల్ పెట్టాను, వాట్సాప్ చూడండి

మన ఆఫీసుల్లో ఒక గట్టి నమ్మకం ఉంది: పని జరక్కపోతే యాప్ మార్చాలి. ఫైలు కదల్లేదా? మెయిల్ పాతబడిపోయింది. ఎవరూ జవాబివ్వడం లేదా? మంచి ప్లాట్‌ఫామ్ లేదు. ఫైలు మీద కూర్చున్న మనిషిని, జవాబివ్వని మనిషిని నిలదీయడం మర్యాద కాదు కదా! అందుకని నోరులేని సాఫ్ట్‌వేర్ మీద నేరం మోపి, ఇంకో సాఫ్ట్‌వేర్ కొంటాం.

ఆ ఎంపిక జరిగే తీరు చూస్తే పెళ్లిచూపులే నయమనిపిస్తుంది. అక్కడ కనీసం కాపురం చేయాల్సిన ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. ఇక్కడ రోజంతా ఆ యాప్‌తో వేగాల్సిన గుమస్తాను గానీ, రిసెప్షన్‌లో అమ్మాయిని గానీ, ఎండన పడి తిరిగే సేల్స్ కుర్రాణ్ని గానీ పిలవరు. అమ్మేవాళ్లు డెమో ఇస్తారు. డెమోలో నెట్ పోదు, పాస్‌వర్డ్ ఎవరూ మర్చిపోరు, అడిగిన ప్రతివాడూ అర నిమిషంలో జవాబిస్తాడు. "పెద్ద పెద్ద కంపెనీలన్నీ ఇదే వాడుతున్నాయి సర్" అన్న మాటతో బేరం తెగుతుంది. కాగితం మీద సంతకం పెట్టే పెద్దాయన తన మెయిళ్లను తాను తెరవరు. పీఏ ప్రింటు తీసి బల్ల మీద పెడితే చదువుతారు. మనకు ఏ యాప్ హాయిగా ఉంటుందో తేల్చేది ఆయనే.

కొన్నాక ఏమవుతుందో ఒక్క కబురు వెంట నడిచి చూద్దాం. మధ్యాహ్నం మూడింటికి మీటింగు. పొద్దున పదింటికి మేనేజరుగారు మెయిల్ కొడతారు. పదీ ఐదుకు వాట్సాప్ గ్రూపులో "మెయిల్ పెట్టాను, అందరూ చూడగలరు" అంటారు. దాని కింద వరసగా "ఓకే సర్", "నోటెడ్ సర్", ఒక దండం బొమ్మ, ఒక బొటనవేలు, మళ్లీ "ఓకే సర్". అవన్నీ చేరేసరికి అసలు కబురు ఎక్కడో పైకి పోతుంది. పదకొండింటికి అదే మాట కొత్త యాప్‌లోనూ పెడతారు, దానికి డబ్బు కట్టారు గనక. రెండింటికి ఫోన్: "ఏమండీ, గ్రూపు చూశారా?" మూడుకు ఐదు నిమిషాలుందనగా అటెండరు వచ్చి "సార్ రమ్మంటున్నారు" అంటాడు. అందరూ లేచి వెళ్తారు. ఈ మొత్తం ఏర్పాటులో పనిచేసింది అటెండరు ఒక్కడే. అతనికి అప్‌డేట్లు అక్కర్లేదు, పైగా టీ కూడా తెస్తాడు.

ఈ పిచ్చి మనకొక్కరికే కాదు. ఫ్రాన్స్‌లో అటోస్ అనే ఐటీ కంపెనీ ఉంది. మూడేళ్లలో కంపెనీ లోపల మెయిల్ అన్నదే లేకుండా చేస్తానని దాని అప్పటి అధిపతి థియరీ బ్రెటన్ 2011లో ప్రకటించారు. మెయిల్‌కు బదులుగా ఉంటుందని 2012లో బ్లూకివీ అనే కంపెనీని ఏకంగా కొనేశారు. గడువు దాటింది. మెయిళ్లు తగ్గాయి గానీ సున్నా కాలేదు. మెయిల్‌ను ఈ రోజుల్లో కనిపెడితే ఇలా ఉంటుందంటూ గూగుల్ 2009లో 'వేవ్' తెచ్చింది. 2010 ఆగస్టుకల్లా చేతులెత్తేసింది. 850 కోట్ల డాలర్లు పోసి 2011లో మైక్రోసాఫ్ట్ కొన్న స్కైప్ 2025 మేలో మూతపడింది. రే టామ్లిన్సన్ 1971లో ఒక కంప్యూటర్ నుంచి ఇంకోదానికి పంపి చూసిన మెయిల్ మాత్రం ఇంకా బతికే ఉంది. తనను చంపడానికొచ్చిన ప్రతి యాప్‌లోనూ పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లకు కొత్త లింకు మోసుకెళ్లేది అదే.

అన్నిటికంటే మజా జూమ్‌ది. ఇంట్లో కూర్చునే ఉద్యోగం చేయొచ్చని కరోనా కాలంలో లోకానికి చూపించిన కంపెనీ అది. 2023 ఆగస్టులో ఆఫీసుకు 50 మైళ్ల లోపు ఉన్న సొంత ఉద్యోగులను వారానికి కనీసం రెండు రోజులు వచ్చి కూర్చోమంది! అమ్మేవాళ్లకు తెలిసిన సంగతి కొనేవాళ్లకు ఎప్పుడు తెలుస్తుందో.

అలాగని కొత్తవన్నీ దండగ అనలేం. స్లాక్ పుట్టుక చూడండి. 'గ్లిచ్' అనే ఆన్‌లైన్ ఆట తయారుచేసే బృందం తమలో తాము మాట్లాడుకోవడానికి ఒక పరికరం చేసుకుంది. ఆట 2012లో మూతపడింది, ఆ పరికరం స్లాక్‌గా మిగిలింది. 2021లో సేల్స్‌ఫోర్స్ దాన్ని సుమారు 2,770 కోట్ల డాలర్లకు కొంది. వాడేవాళ్లు తమ పని కోసం తాము చేసుకున్నది గనక అది నిలబడింది. మన కొనుగోలు కమిటీలకు ఈ కథలో ధర ఒక్కటే చెవికెక్కుతుంది.

ప్రైవేటులో ఈ యాప్‌ల పిచ్చి డబ్బు నష్టం, సర్కారు కొలువుల్లో వెట్టిచాకిరీ. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో టీచర్ల ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలోనే వేసుకోమంటే ఉపాధ్యాయ సంఘాలు ఎదురుతిరిగాయి. ఫోన్ మాది, డేటా మాది, హాజరు మీదా అన్నది వాళ్ల ప్రశ్న. ఇక బడి గ్రూపు, కాంప్లెక్సు గ్రూపు, మండలం గ్రూపు సరేసరి. రాత్రి తొమ్మిదిన్నరకు "మోస్ట్ అర్జెంట్" అని ఒక ఎక్సెల్ షీటు దిగుతుంది. గ్రూపులో 1,024 మందిని చేర్చుకోవచ్చని వాట్సాప్ 2022లో వరమిచ్చింది కదా, ఒక్క నొక్కుతో అంతమందికీ నిద్ర చెడగొట్టొచ్చు. పని వేళలు దాటాక ఫోన్ పక్కన పడేసే హక్కు ఫ్రాన్స్ చట్టంలో 2017 నుంచే ఉంది. మన లోక్‌సభలో సుప్రియా సూలే 2018లో అలాంటి ప్రైవేటు మెంబరు బిల్లు పెట్టారు. అది బిల్లుగానే ఉండిపోయింది.

కాబట్టి కొనబోయే పెద్దలకు ఒక విన్నపం. ముందు ఒక తెల్లకాగితం తీసుకోండి. ఏ సంగతి ఎక్కడ చెప్పాలి, ఎంతసేపట్లో జవాబు రావాలి, రాత్రి ఏది మోగకూడదు, కొత్తది తెరిస్తే పాతది ఏది మూస్తాం — ఈ నాలుగూ రాసి గోడకు అంటించండి. మొదట ఆ కాగితాన్ని మీరే పాటించండి. నెల తర్వాత కూడా యాప్ కావాలనిపిస్తే నిక్షేపంగా కొనండి. డెమోకు మాత్రం దాన్ని వాడబోయేవాళ్లను పిలవండి.