శకునమా, నీకు దండం

శకునమా, నీ పుట్టుక తలుచుకుంటే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. సంస్కృతంలో నువ్వు ఉత్త పిట్టవి. అడవిలో పసిగుడ్డుకు శకుంతాలు కాపలా కాశాయనే ఆ పిల్లకు శకుంతల అని పేరొచ్చింది. మంచిమాట పలకమని పిట్టను వేడుకున్న సూక్తాలు ఋగ్వేదం రెండో మండలం చివర ఉన్నాయి. పిట్ట ఎగిరిన దిక్కునూ కూసిన కూతనూ బట్టి మంచిచెడ్డలు ఎంచేవాళ్లు గనక, దాని పేరే సూచనకూ దక్కింది.

నువ్వు ఆకాశంలోనే ఆగిపోలేదు. పిల్లినీ, తుమ్మునూ, కట్టెలమోపునూ కలుపుకుంటూ మనిషి దాకా వచ్చావు. నీ మహిమ నేను మా మేనత్త దగ్గర చూశాను. నా పరీక్ష రోజున ఆవిడ తెల్లవారుజామునే లేచి, పులిహోర కలిపి డబ్బాలో సర్దింది. నేను చెప్పులేసుకునే వేళకు వంటింటి తలుపు వెనక్కి తప్పుకుంది. తలుపు రెక్క పట్టుకున్న నాలుగు వేళ్లే కనబడ్డాయి. పులిహోర కలిపిన చేయి గనక వాటికింకా పసుపు ఉంది. భర్త పోయాక ఆవిడ చేతికి పసుపు అంటేది అలాగే. నీళ్లచెంబుతో అమ్మ ఎదురొచ్చింది. మేనత్తను తప్పుకోమని ఎవరూ అనలేదు. ఒక్క మాట ఖర్చు కాకుండా మనిషిని సొంత ఇంట్లోనే దాచేసే శక్తి నీకు తప్ప ఎవరికుంది?

ఆ పరీక్ష తప్పాను. వీడు సరిగా చదవలేదన్నారే గానీ అమ్మ ఎదురొచ్చిన శకునాన్ని ఎవరూ తప్పుపట్టలేదు. అదే మేనత్త ఎదురొచ్చి ఉంటేనా!

1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం తొలి వితంతు వివాహం జరిపించారు. అంతటివాడు కూడా, బొట్టులేని మనిషి ఎదురైతే గుమ్మంలోకి వెనుదిరిగే కాళ్లను నీ చేతిలోంచి విడిపించలేకపోయాడు.

పుట్టింటినీ నువ్వు మరవలేదు. దసరానాడు పాలపిట్ట కనబడితే శుభమని తెలంగాణలో పొలంగట్ల వెంట వెతికేవాళ్లు. ఇప్పుడు ఆ శ్రమ తప్పించావు. రాష్ట్ర పక్షి అయినా, 1972 నాటి వన్యప్రాణి చట్టం వద్దన్నా, కొందరు దాన్ని పట్టి పంజరంలో పెట్టి, డబ్బు తీసుకుని చూపిస్తున్నారు. జనం దండం పెట్టుకుని పోతున్నారు. కూర్చున్నప్పుడు పాలపిట్ట చాలావరకు గోధుమరంగులోనే కనిపిస్తుంది. రెక్క పూర్తిగా విప్పితేనే ఆ నీలమంతా బయటపడుతుంది. పంజరంలో రెక్క విప్పే చోటు లేదు.