వన్‌సైడు గారు

ప్రతి ఆఫీసులోనూ ఒక వన్‌సైడు గారు ఉంటారు. సీనియర్ అసిస్టెంటో సూపరింటెండెంటో అయి, రిటైర్మెంటుకి దగ్గరపడి ఉంటారు. అమ్మానాన్నా పెట్టిన పేరు ఇప్పుడు జీతాల బిల్లులో తప్ప ఎక్కడా వినిపించదు.

ఆయన కింది సొరుగు నిండా తప్పుపడిన ప్రింట్లు, మసకబారిన జిరాక్సులు, రద్దయిన సర్క్యులర్లు. అన్నీ రెండోవైపు తెల్లగా ఉన్న వన్‌సైడు కాగితాలే, ఆయన రాసేదీ వాటిమీదే. పక్కనే ఓ డబ్బాలో వాడిన గుండుసూదులు, ట్యాగులు. తపాలాలో వచ్చిన కవర్ల అతుకులు ఊడదీసి, లోపలివైపు బయటికి తిప్పి మళ్లీ అంటిస్తారు. కొత్త రీము విప్పమంటే చూడి గేదెని సంతకి తోలమన్నట్టు చూస్తారు.

చిక్కల్లా ఒకటే. ఆయన రాసిన కాగితం ఎవరి చేతికొచ్చినా మొదట వెనకవైపే చదువుతారు. ఎవరి బదిలీ అర్జీ బుట్టదాఖలైందో, ఎవరి మెడికల్ బిల్లులో ఏ జబ్బు ఉందో ఊరందరికీ తెలిసింది అలాగే. ఓసారి టీ బాకీల పట్టీ అందరి చేతులూ తిరిగింది. దాని వెనక డ్రైవరుకి ఇవ్వబోయే మెమో చిత్తుప్రతి. మెమో అందకముందే డ్రైవరు సంజాయిషీ టైపు చేయించి పట్టుకొచ్చాడు.

"రెండువైపులా చేయించావా లేదా?" అని మాత్రం అడిగారీయన.

ఈ-ఆఫీసు వస్తే ఈయన గతేమిటని జాలిపడ్డాం. ఏమీ కాలేదు. తెరమీది ఫైలుని పైవాళ్లు ప్రింటు తీయించుకుని చదువుతుంటే సరుకు ఇంకా పెరిగింది.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ కప్పులు నిషేధించారు కదా, మాకు పేపరు కప్పులొచ్చాయి. కాగితమే కదా అని ఈయన ఒకటి విప్పి లోపలివైపు రాయబోయారు. పెన్ను జారిపోయింది. టీ కారకుండా లోపల సన్నటి ప్లాస్టిక్ పొర వేస్తారట. అది కాగితానికి అతుక్కుపోయి ఉంటుంది కాబట్టి మామూలు పాతకాగితాలతో కలిపి తిరగవాడటం కష్టం. "దీనికి రెండోవైపే లేదండీ!" అని ఆయన పడ్డ బాధ ఇంతా అంతా కాదు. మర్నాటికి గాజుగ్లాసులు దిగాయి. అవి కడిగేది అటెండరు. అతను సణిగాడు, అందులో న్యాయం ఉంది. ఇలాంటి సంస్కరణల్లో కడిగేవాళ్లని అడిగినవాళ్లు లేరు.

తడిచెత్తకి ఆకుపచ్చ డబ్బా, పొడిచెత్తకి నీలం డబ్బా వచ్చినరోజు పెద్ద ఫ్లెక్సీ కట్టి సభ చేశారు. పర్యావరణం మీద అందరూ మాట్లాడారు. ఈయన్ని పిలిస్తే మైకు దగ్గరికొచ్చి, "సభ అయ్యాక ఆ ఫ్లెక్సీ నాకిప్పించండి, స్కూటర్ల షెడ్డు కారుతోంది" అని దిగిపోయారు. ఆరోజు పనికొచ్చిన ఉపన్యాసం అదొక్కటే.

మీ ఆఫీసులోనూ ఈయన ఉంటే ఎంతైనా ఎగతాళి చేసుకోండి, ఏమీ అనుకోరు. మెడికల్ బిల్లు జిరాక్సు మాత్రం ఆయన కంట పడకముందే ముక్కలు చేసెయ్యండి.